పెద్ద ఆసుపత్రిలో సిబ్బంది క్షేమాన్ని, నిమగ్నతను కొలవడం ఎలా? సమగ్ర మార్గదర్శి

మూడు వేల మంది పనిచేసే ఆసుపత్రిలో ఏడాదికోసారి సర్వే చేసి, చివరికి 'సిబ్బంది సంతృప్తి 78 శాతం' అని ఒక్క అంకె తేల్చి ఫైల్లో పెట్టేస్తే ఎవరికీ ఒరిగేదేమీ ఉండదు. డయాలసిస్ యూనిట్ బాగా నడుస్తోందన్న సంగతీ, క్యాజువాలిటీ నైట్ షిఫ్ట్ నలిగిపోతోందన్న సంగతీ ఆ 78లో కలిసిపోతాయి. ఆసుపత్రిలో మనిషి పనిచేసేది వార్డులో. అలసట, కోపం, తృప్తి అన్నీ అక్కడే పుడతాయి. అందుకే కొలత వార్డు దాకా దిగాలి, ఫలితం మళ్లీ ఆ వార్డుకే చేరాలి. మిగతా పద్ధతులన్నీ ఈ రెండింటి కోసమే.

ఇంత పెద్ద సిబ్బందిని ఏటా పలకరించే వ్యవస్థల్లో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌ది ముందు వరుస. అక్కడ 2003 నుంచి ఏటా స్టాఫ్ సర్వే జరుగుతోంది. 2023లో 7 లక్షల మందికి పైగా జవాబిచ్చారు. ఆ పద్ధతిలో మనం నేరుగా తీసుకోదగ్గవి చాలా ఉన్నాయి, మన ఆసుపత్రులకు తగ్గట్టు మార్చుకోవాల్సినవీ ఉన్నాయి. రెండూ కలిపి చెబుతాను. హెచ్‌ఆర్, క్వాలిటీ విభాగాల వారికి, నర్సింగ్ సూపరింటెండెంట్లకు, ఆర్‌ఎంఓలకు (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్లకు) ఇది పనికొస్తుంది.

1. ఏ నిర్ణయం కోసం అడుగుతున్నారో ముందు రాసుకోండి

మన దగ్గర చాలాచోట్ల ఈ సర్వే ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను చూసే జాతీయ బోర్డు) గుర్తింపు కోసమో, ప్రభుత్వ ఆసుపత్రి అయితే ఎన్‌క్వాస్ (జాతీయ నాణ్యతా ప్రమాణాలు) కోసమో మొదలవుతుంది. రోగుల సంతృప్తితో పాటు ఉద్యోగుల సంతృప్తిని తెలుసుకునే ఏర్పాటు ఉండాలని ఎన్‌క్వాస్‌లోని జీ2 ప్రమాణం చెబుతుంది. అలా మొదలైనా ఫర్వాలేదు, అసెస్‌మెంట్‌తో ఆగిపోకూడదు.

ఒక కాగితం తీసుకుని, ఈ సర్వే ఫలితాన్ని బట్టి మనం మార్చగలిగినవి ఏమిటో రాయండి. డ్యూటీ రోస్టర్, సెలవు మంజూరు చేసే తీరు, నైట్ డ్యూటీ వారికి విశ్రాంతి గది, తాగునీరు, క్యాజువాలిటీ దగ్గర సెక్యూరిటీ, కొత్తగా చేరినవారికి శిక్షణ. వీటిలో దేనికీ సంబంధం లేని ప్రశ్న ఉంటే కొట్టేయండి. ప్రభుత్వ ఆసుపత్రిలో మూలవేతనం పెంచడం సూపరింటెండెంట్ చేతిలో లేదు కాబట్టి దాని మీద పది ప్రశ్నలు అడిగి ఆశపెట్టడం అన్యాయం. అదే అవుట్‌సోర్సింగ్ వారికి ఏ తేదీకి జీతం పడుతోంది అన్నది అడగాల్సిన ప్రశ్నే. ఏజెన్సీని నిలదీసే అవకాశం ఆసుపత్రికి ఉంది.

ఆ కాగితం మీద సూపరింటెండెంటో, సీఈఓనో సంతకం పెట్టాలి. ఫలితాలు ఏ తేదీకి సిబ్బందికి చెబుతారో కూడా అందులోనే రాయించండి.

2. క్షేమం వేరు, బర్నౌట్ వేరు, నిమగ్నత వేరు

క్షేమం అంటే మనిషి ఎలా ఉన్నాడు, నిద్రపడుతోందా, ఉత్సాహం ఉందా అన్నది. బర్నౌట్ అంటే పని ఒత్తిడి ఎడతెగకుండా కొనసాగి మనిషి లోపల ఖాళీ అయిపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో దీన్ని జబ్బుగా కాక, పనికి సంబంధించిన పరిస్థితిగా పేర్కొంది. నిమగ్నత అంటే పని మీద మనసు, మెరుగుపరచాలన్న ఆసక్తి, ఈ సంస్థ నాది అనే భావన. ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) ప్రాణం పెట్టి పనిచేసే సిస్టర్‌కి నిమగ్నత పదికి తొమ్మిది ఉండి, అదే సమయంలో బర్నౌట్ కూడా ఎక్కువగానే ఉండొచ్చు. 'మా వాళ్లకు పనంటే ఇష్టం' అని యాజమాన్యం మురిసిపోతుండగానే రాజీనామాలు వచ్చేది అలాంటి చోటే. అందుకే మూడింటికీ కలిపి ఒకే స్కోరు వేయకండి.

3. సొంతంగా ప్రశ్నలు అల్లకండి, నిలబడ్డ కొలమానాలు వాడండి

క్షేమానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐదు ప్రశ్నల కొలమానం డబ్ల్యూహెచ్‌ఓ-5 చాలు. 1998 నుంచి వాడుకలో ఉంది. గత రెండు వారాల్లో సంతోషంగా ఉన్నానా, ప్రశాంతంగా ఉన్నానా, చురుగ్గా ఉన్నానా, నిద్రలేచేసరికి తెరిపిగా అనిపించిందా, రోజు ఆసక్తికరంగా గడిచిందా అన్న ఐదు వాక్యాలు. ఒక్కోదానికి 0 నుంచి 5. ఒక స్టాఫ్ నర్స్ వరసగా 3, 2, 2, 1, 2 అని పెట్టిందనుకుందాం. మొత్తం 10. నాలుగుతో హెచ్చిస్తే నూటికి 40. యాభై లేదా అంతకు తక్కువ వస్తే క్షేమం బాగా లేదని అర్థం. ఆ నాలుగో వాక్యం, నిద్ర సంగతి, ఆసుపత్రిలో ప్రత్యేకంగా చూడాల్సింది. మొత్తం స్కోరు ఫర్వాలేదనిపించినా ఒక వార్డులో సగం మంది దానికి 0 లేదా 1 పెట్టారంటే నేరుగా రోస్టర్ తీసి చూడండి.

బర్నౌట్‌కి అందరూ చెప్పే పేరు మాస్లాక్ ఇన్వెంటరీ. 1981లో వచ్చింది, 22 ప్రశ్నలు, వాడాలంటే లైసెన్స్ కొనాలి. వేల మందికి అంటే ఖర్చు. కోపెన్‌హాగన్ బర్నౌట్ ఇన్వెంటరీ 2005లో వెలువడింది, ఉచితం. ఇందులో వ్యక్తిగత, పనిసంబంధ, రోగుల సంబంధ అలసటలకు విడివిడి భాగాలు, మొత్తం 19 ప్రశ్నలు. పనికి సంబంధించిన ఏడింటిని మాత్రమే తీసుకున్నా సరిపోతుంది. ఎన్‌హెచ్‌ఎస్ సర్వేలో కూడా 2021 నుంచి బర్నౌట్ ప్రశ్నలు ఈ కొలమానం నుంచే వచ్చాయి. నా సిఫారసు ఇదే.

నిమగ్నతకు ఉట్రెక్ట్ కొలమానం ఉంది, తొమ్మిది ప్రశ్నల పొట్టి రూపం బాగా వాడుకలో ఉంది. అయితే సంస్థ తనను తాను సరిదిద్దుకోవడానికి నాకు ఎన్‌హెచ్‌ఎస్ వారి తొమ్మిది ప్రశ్నలే ఎక్కువ పనికొస్తాయి. అవి మూడు మూడుగా మూడు గుంపులు. మొదటిది ప్రేరణ: పనికి రావాలని ఎదురుచూస్తానా, ఉత్సాహం ఉందా, పనిలో ఉంటే సమయం తెలియకుండా గడుస్తోందా. రెండోది భాగస్వామ్యం: చొరవ చూపే అవకాశం ఉందా, సలహాలు ఇవ్వగలుగుతున్నానా, నా పనిచోట మార్పు తేగలుగుతున్నానా. మూడోది సంస్థపై నమ్మకం: ఇక్కడ రోగికే మొదటి ప్రాధాన్యమా, ఇక్కడ పనిచేయమని ఇతరులకు చెబుతానా, నా బంధువుకో స్నేహితుడికో జబ్బు చేస్తే ఇక్కడి వైద్యంతో తృప్తిపడతానా.

ఐదు రకాల జవాబులకు 0, 2.5, 5, 7.5, 10 అని వేసి, ఒక్కో గుంపుకీ సగటు తీసి, ఆ మూడు సగటుల సగటే నిమగ్నత స్కోరు. గుంపులను విడిగా చూడటం మరవొద్దు. ప్రేరణ 7.8, భాగస్వామ్యం 4.1 వస్తే ఆ వార్డువాళ్లకు పనంటే ఇష్టం, కానీ వాళ్ల మాట వినేవారు లేరు. రెండింటికీ మందు వేరు. ఇక చివరి ప్రశ్నకు వచ్చే జవాబు రోగి భద్రతకు కూడా ముందస్తు హెచ్చరిక. తన తల్లిని తను పనిచేసే వార్డులో చేర్చడానికి నర్సు వెనకాడుతోందంటే అక్కడేదో జరుగుతోంది, వెంటనే వెళ్లి చూడాలి.

వీటికి తోడు మన అవసరాన్ని బట్టి ఐదారు ప్రశ్నలు చేర్చుకోండి. గత ఏడాదిలో రోగి బంధువుల నుంచి దాడి, బూతులు ఎదురయ్యాయా, చెబితే ఎవరైనా పట్టించుకున్నారా, డ్యూటీలో భోజనానికి సమయం దొరుకుతోందా, తప్పు జరిగితే భయపడకుండా చెప్పగలరా. మొత్తం ముప్ఫై ప్రశ్నలు, పది నిమిషాలు దాటకూడదు.

4. అడగాల్సిన వాళ్ల జాబితా పే-రోల్‌తో ఆగిపోకూడదు

హెచ్‌ఆర్ దగ్గరున్న జాబితాలో రెగ్యులర్, కాంట్రాక్ట్ సిబ్బంది ఉంటారు. శానిటేషన్, సెక్యూరిటీ, పేషెంట్ కేర్, డైట్, లాండ్రీ వాళ్లు ఏజెన్సీ రికార్డుల్లో ఉంటారు. హౌస్ సర్జన్లు, పీజీలు, నర్సింగ్ విద్యార్థులు కాలేజీ లెక్కలో ఉంటారు. రాత్రి రెండు గంటలకు స్ట్రెచర్ తోసేదీ, రక్తం మరకలు తుడిచేదీ, బంధువుల కోపానికి ముందు దొరికేదీ వీళ్లే. వీళ్లను వదిలేసి చేసిన సర్వేకు 'మా సిబ్బంది' అన్న మాట వాడే హక్కు లేదని నా గట్టి నమ్మకం.

వార్డు, హోదా, ఉద్యోగం తీరు, షిఫ్ట్ అనే నాలుగు వివరాలతో కొత్త జాబితా తయారు చేయండి. మొత్తం సంఖ్య ఎంతో తేలాకే జవాబుల శాతం లెక్కకు అర్థం ఉంటుంది. శాంపిల్ తీసుకోవాలా, అందరినీ అడగాలా? వార్డు స్థాయి ఫలితం కావాలంటే అందరినీ అడగాల్సిందే. ఇరవై మంది ఉన్న వార్డులో ఐదుగురిని అడిగితే ఏమీ తేలదు.

5. గోప్యతను మాటతో కాదు, ఏర్పాటుతో చూపించండి

'పేరు రాయనక్కర్లేదు' అని చెప్పి ఆఫీస్ మెయిల్ ఐడీతో లాగిన్ అడిగే ఫామ్ పంపితే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. ఫోన్ నంబరు, ఉద్యోగి ఐడీ, మెయిల్ ఏదీ తీసుకోకండి. వయసు, అనుభవం లాంటివి పెద్ద వర్గాలుగానే అడగండి. 'మేల్ స్టాఫ్ నర్స్, బర్న్స్ వార్డు, 15 ఏళ్ల అనుభవం' అంటే పేరు చెప్పినట్టే.

పది మంది కంటే తక్కువ జవాబులు వచ్చిన గుంపు ఫలితాన్ని విడిగా చూపించకూడదు, పక్క యూనిట్‌తో కలపాలి. ఇక్కడ చాలామంది గమనించని ఒక చిక్కుంది. ఒక వార్డులో 16 జవాబులు వచ్చాయి, 13 మహిళలవి, 3 పురుషులవి. పురుషుల ఫలితం దాచి, వార్డు మొత్తాన్నీ మహిళల స్కోరునూ ప్రచురిస్తే తీసివేత వేసి ఆ ముగ్గురి జవాబు ఎవరైనా రాబట్టగలరు. అలాంటి చోట ఆ విభజన మొత్తాన్నీ ఎత్తేయాలి.

పచ్చి జవాబులు ఎవరి దగ్గర ఉంటాయి, ఎన్నాళ్లు ఉంచుతారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నది ఫామ్ మొదట్లోనే రాయండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నేపథ్యంలో ఇది న్యాయ విభాగానికి కూడా చూపించాల్సిన విషయం. వీలైతే విశ్లేషణ పనిని దగ్గర్లోని విశ్వవిద్యాలయం కమ్యూనిటీ మెడిసిన్ లేదా సైకాలజీ విభాగానికి అప్పగించండి. హెచ్‌ఆర్ చేతికి లెక్కలు మాత్రమే రావాలి.

పేరు లేని సర్వేలో ఎవరైనా తీవ్రమైన బాధ రాస్తే వాళ్లెవరో మనకు తెలియదు, వెళ్లి ఆదుకోలేం. అందుకే ఫామ్ చివర సాయం వివరాలు అందరికీ కనిపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఆసుపత్రి సైకియాట్రీ విభాగంలో సిబ్బందికి కేటాయించిన సమయం, లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీని ఎలా కలవాలో అన్నీ అక్కడ ఇవ్వండి.

6. తెలుగులో, చదివి వినిపించి, సరిచూసుకోండి

ముందుగా ధ్రువీకరించిన తెలుగు రూపం ఉందేమో చూడండి. లేకపోతే ఇద్దరు విడివిడిగా తెలుగు చేసి, మూడో వ్యక్తి దాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్చి, అసలుతో పోల్చాలి. అది అయ్యాక అసలు పరీక్ష మొదలవుతుంది. నర్సులు, టెక్నీషియన్లు, ఎంఎన్‌ఓ, ఎఫ్‌ఎన్‌ఓలు (మేల్, ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీలు), శానిటేషన్ వాళ్ల నుంచి ముగ్గురు నలుగురి చొప్పున కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్న చదివి 'ఇది వింటే మీకేం అర్థమైంది?' అని అడగండి.

ఇందులో తప్పకుండా తేలే విషయం 'మీ పైఅధికారి'. నర్సుకి అది వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్. పీజీకి యూనిట్ చీఫ్, కొన్నిసార్లు సీనియర్ పీజీ. శానిటేషన్ ఆవిడకి ఏజెన్సీ సూపర్‌వైజర్, కానీ రోజూ పని చెప్పేది వార్డు సిస్టర్. 'మీ పైఅధికారి మిమ్మల్ని గౌరవిస్తారా?' అని అడిగితే ఆవిడ ఎవరిని తలచుకుని జవాబిచ్చిందో మీకు తెలియదు. సిస్టర్ గురించి చెప్పిన మాటను ఏజెన్సీ ఖాతాలో వేస్తారు, లేదా తిరగేసి. ఒక్కో వర్గానికీ ఆ ప్రశ్నలో హోదా పేరు పెట్టి రాయండి, అవసరమైతే రెండు ప్రశ్నలు చేయండి.

చదవడం రానివారికి ఆడియో పెట్టండి. ముఖాల బొమ్మలతో ఐదు మెట్ల జవాబు బాగా పనిచేస్తుంది. సూపర్‌వైజర్ పక్కన కూర్చుని పూర్తి చేయించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

7. సర్వే నడిపే మూడు వారాలు

మూడు షిఫ్ట్‌లూ, వీక్లీ ఆఫ్‌లూ తిరిగి వచ్చేలా మూడు వారాలు పెట్టుకోండి. డెంగీ సీజన్‌లోనూ, పీజీ పరీక్షల సమయంలోనూ, అసెస్‌మెంట్ ముందు వారంలోనూ పెట్టకండి. డ్యూటీ రూముల్లో క్యూఆర్ కోడ్ అతికించండి, దాంతో పాటు కాగితం ఫామ్, తాళం వేసిన పెట్టె ఉంచండి. తాళంచెవి వార్డులో ఉండకూడదు. నైట్ డ్యూటీ వారి కోసం కనీసం రెండు మూడు రాత్రులు సర్వే బృందం వార్డులు తిరగాలి. పది నిమిషాలు డ్యూటీ సమయంలోనే ఇవ్వాలి. ఇంటికెళ్లి నింపమంటే ఆడవాళ్లలో చాలామందికి ఆ పది నిమిషాలు దొరకవు.

నూటికి నూరు జవాబుల కోసం ఒత్తిడి పెట్టొద్దు. అన్నేళ్ల అనుభవం ఉన్న ఎన్‌హెచ్‌ఎస్ సర్వేకే 2023లో వచ్చింది సుమారు 48 శాతం. 'మీ వార్డు ఇంకా 90 కాలేదు' అని ఇన్‌ఛార్జిని వాట్సాప్ గ్రూపులో నిలదీస్తే ఫామ్‌లు నిండుతాయి, నిజాలు రావు. శాతం కంటే ఎవరు జవాబివ్వలేదన్నది ముఖ్యం. మొదటి వారం వచ్చిన జవాబులను ఆఖరి వారం వచ్చిన వాటితో పోల్చండి. ఆలస్యంగా ఇచ్చినవారి స్కోరు బాగా తక్కువగా ఉంటే, అసలు ఇవ్వనివాళ్ల పరిస్థితి ఇంకా దిగువన ఉండే అవకాశం ఉంది. నివేదికలో ఆ మాట రాయండి.

8. రికార్డుల్లో ఉన్నదాన్ని పక్కన పెట్టి చదవండి

రాజీనామాలు, డబుల్ డ్యూటీలు, తిరస్కరించిన సెలవులు, సూది గుచ్చుకున్న ఘటనలు, దాడుల ఫిర్యాదులు, పీజీల వారపు గంటలు వార్డులవారీగా తీయండి. పీజీలు సహా రెసిడెంట్ డాక్టర్ల పని వారానికి 74 గంటలు మించకూడదని జాతీయ వైద్య కమిషన్ నియమించిన టాస్క్‌ఫోర్స్ 2024లో సూచించింది. మీ రోస్టర్‌లో అది ఎక్కడ దాటుతోందో చూస్తే బర్నౌట్ స్కోరుకు కారణం సగం దొరుకుతుంది.

ఈ లెక్కల్ని గుడ్డిగా నమ్మకండి. రెగ్యులర్ సిబ్బందిలో సిక్ లీవులు పెరిగితే అలసటకు గుర్తు. రాకపోతే కూలి పోయే అవుట్‌సోర్సింగ్ వారిలో గైర్హాజరు ఎప్పుడూ తక్కువే. జ్వరంతోనూ వస్తారు కాబట్టి. అలాగే ఘటనల ఫిర్యాదులు సున్నా ఉన్న వార్డు భద్రమైన వార్డు కాకపోవచ్చు, చెప్పడానికి భయపడే వార్డు కావచ్చు. 'తప్పు జరిగితే చెప్పగలరా' అన్న ప్రశ్నకు వచ్చిన జవాబుతో కలిపి చదివితే ఏదో తెలుస్తుంది.

9. అంకెల్ని చదివే తీరు

సగటుతో పాటు పంపిణీ చూడండి. సగటు 55 వచ్చిన రెండు వార్డుల్లో ఒకదాంట్లో అందరూ 50, 60 మధ్య ఉండొచ్చు, రెండోదాంట్లో సగం మంది 80, సగం మంది 30 ఉండొచ్చు. రెండోదాంట్లో షిఫ్టుల మధ్యో, రెగ్యులర్, కాంట్రాక్ట్ మధ్యో పెద్ద అగాధం ఉంది. చిన్న గుంపుల్లో మార్పు చూసి కంగారు పడకండి. పన్నెండు మందిలో ఎనిమిది మంది 'అవును' అంటే 67 శాతం, వచ్చే ఏడు ఇద్దరు మనసు మార్చుకుంటే 50. పత్రికల్లో అయితే 'భారీ పతనం', నిజానికి ఇద్దరు మనుషులు. ఇలాంటి చోట వరసగా మూడు కొలతలు ఒకే దిశలో పోతేనే నమ్మండి.

వార్డులకు ర్యాంకులు ఇచ్చి నోటీసు బోర్డులో పెట్టడం, స్కోరును ఇన్‌ఛార్జి అప్రైజల్‌కు కలపడం వద్దు. మరుసటి ఏడాది నుంచి 'అందరూ ఐదే పెట్టండమ్మా' అన్న మాట వార్డంతా తిరుగుతుంది, అక్కడితో కొలత చచ్చిపోతుంది. వార్డు పెద్దల పాత్ర లేదని కాదు. అమెరికాలోని మేయో క్లినిక్ 2,813 మంది డాక్టర్ల జవాబులతో 2015లో ప్రచురించిన అధ్యయనంలో, పైఅధికారికి 60 పాయింట్ల నాయకత్వ స్కోరులో ఒక్క పాయింటు పెరిగినకొద్దీ కింద పనిచేసేవారిలో బర్నౌట్ అవకాశం 3.3 శాతం తగ్గింది. ఆ సంగతిని ఇన్‌ఛార్జిలకు శిక్షణ, తోడు ఇవ్వడానికి వాడాలి, శిక్షించడానికి కాదు.

విడి వ్యాఖ్యల్ని ఇద్దరు చదివి విషయాలవారీగా సర్దాలి. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాకే ఎవరికైనా చూపించాలి.

10. ఫలితాన్ని వార్డుకు తీసుకెళ్లండి

సర్వే ముగిసిన నెలలోపు మొత్తం ఆసుపత్రి ఫలితం, ఆరు వారాల్లోపు వార్డు ఫలితం సిబ్బందికి చేరాలి. అవుట్‌సోర్సింగ్ వారికి కూడా, తెలుగులో, ఒకే పేజీలో. తర్వాత వార్డులో అరగంట సమావేశం, నైట్ షిఫ్ట్ వారికి వేరుగా. అక్కడ అడగాల్సినవి రెండే: ఈ అంకె వెనక ఏముంది? వచ్చే మూడు నెలల్లో ఏ ఒక్కటి మారితే తేడా తెలుస్తుంది? ఇన్‌ఛార్జి మీదే స్కోరు తక్కువగా ఉంటే సమావేశం పక్క విభాగం వ్యక్తి నడపాలి.

అక్కడ వచ్చే కోరికలు సాధారణంగా చిన్నవి. రోస్టర్ నెల ముందే వేయండి. నైట్ తర్వాత మార్నింగ్ వేయకండి. మందులకోసం ఫార్మసీకి నర్సును పరిగెత్తించకండి. శానిటేషన్ వారికి బట్టలు మార్చుకునే గది ఇవ్వండి. వార్డు చేయగలిగిందాన్ని వార్డే చేసుకుంటుంది. పోస్టుల ఖాళీలు, సెక్యూరిటీ, ఏజెన్సీ జీతాలు వంటివి పైకి పోవాలి, పైనున్నవారు తేదీతో జవాబివ్వాలి. చేయలేమనుకుంటే ఎందుకు చేయలేమో చెప్పాలి. 'లేదు' అన్న మాటను సిబ్బంది అర్థం చేసుకుంటారు. ఏ జవాబూ రాకపోవడాన్నే క్షమించరు.

11. మళ్లీ ఎప్పుడు?

పూర్తి సర్వే ఏడాదికోసారి చాలు. మధ్యలో నిమగ్నత తొమ్మిది ప్రశ్నలతో పొట్టి సర్వే మూడు నెలలకోసారి పెట్టొచ్చు. ఎన్‌హెచ్‌ఎస్‌లోనూ పెద్ద సర్వే లేని త్రైమాసికాల్లో ఇలాగే చేస్తారు. కానీ గత సర్వే మీద ఏమీ చేయకుండా కొత్తది పంపకండి. ప్రశ్నల పదాలు ఏటా మార్చకండి, మారిస్తే పోలిక పోతుంది.

రెండో ఏడాది ఫామ్‌లో మొదటి ప్రశ్నగా ఇది చేర్చండి: 'పోయినసారి సర్వే తర్వాత మీ వార్డులో ఏదైనా మారిందా?' అవును, లేదు, తెలియదు. వార్డులవారీగా ఈ జవాబు తీసి, 'లేదు' ఎక్కువ వచ్చిన వార్డుల జాబితాను సూపరింటెండెంట్ రౌండ్స్‌లో ముందు వరుసలో పెట్టండి. మిగతా స్కోర్ల విశ్లేషణ పూర్తయ్యే దాకా ఆగనక్కర్లేదు, ఆ వారమే వెళ్లాలి.